మత్తు దిగేటప్పుడు పిల్లలు అంత గోల ఎందుకు చేస్తారు? ఆపరేషన్‌కి ముందు మనం ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ బాబుకి నాలుగేళ్లు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) రెండూ తీయాలన్నారు. వచ్చే వారం విజయవాడలో ఆపరేషన్. పోయినేడాది మీ అక్క కూతురికి మెల్లకన్ను ఆపరేషన్ అయినప్పుడు, ఆ పాప కన్నతల్లిని కూడా గుర్తుపట్టకుండా కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ అరవడం మీరు కళ్లారా చూశారు. మత్తు ఎక్కువైందేమో, మెదడుకి ఏమైనా అవుతుందేమో అని అప్పటి నుంచి మీకు భయం. ఇంట్లో పెద్దవాళ్లేమో "వాడికేం చెప్పకండి, ఐస్‌క్రీమ్ కొనిపెడతామని తీసుకెళ్దాం" అంటున్నారు.

నేను గుంటూరులో మత్తు డాక్టర్ని. చాలా ఏళ్లుగా పిల్లల కేసులే ఎక్కువ చూస్తున్నాను. మీ బాబుని నేను చూడలేదు కాబట్టి వాడి విషయంలో చివరి మాట అక్కడి మత్తు డాక్టర్‌గారిదే. మిగతాది నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు మీ అక్క కూతురి సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి అది మత్తు ఎక్కువవడం వల్ల వచ్చింది కాదు. దాన్ని మేం ఎమర్జెన్స్ డెలీరియం అంటాం. ఒళ్లు మేలుకుంటుంది, తెలివి ఇంకా పూర్తిగా రాదు. ఆ మధ్యలో పిల్లలు ఎక్కడున్నారో, ఎదురుగా ఉన్నది ఎవరో వాళ్లకి అర్థం కాదు. మత్తు దిగిన మొదటి అరగంటలోనే వస్తుంది, మామూలుగా ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో దానంతట అదే పోతుంది. కొందరిలో ఇంకాస్త సాగుతుంది. రెండేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఎక్కువ. కంటి ఆపరేషన్లు, చెవి ముక్కు గొంతు ఆపరేషన్ల తర్వాత ఇంకా ఎక్కువ. అంటే వయసు ప్రకారం చూసినా, ఆపరేషన్ ప్రకారం చూసినా మీ బాబుకి వచ్చే అవకాశం ఉంది. వస్తుందని కాదు, వస్తే కంగారు పడకుండా ఉండాలని ముందే చెబుతున్నాను.

ఎందుకు వస్తుంది? ఇవాళ పిల్లలకి ఎక్కువగా వాడేది సెవోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్. ఘాటు వాసన ఉండదు, గొంతులో మంట పుట్టించదు, మాస్క్ పెట్టిన కొద్దిసేపటికే పిల్లాడు నిద్రలోకి జారుకుంటాడు. రక్తంలో తక్కువగా కరుగుతుంది కాబట్టి ఆపగానే అంతే త్వరగా దిగిపోతుంది. జపాన్‌లో 1990లో వాడకంలోకి వచ్చింది. అంతకు ముందు వాడిన హేలోథేన్ అనే మత్తు గ్యాస్ రోజులతో పోలిస్తే ఈ గోల దీనితో ఎక్కువ. అలాగని కొత్తగా పుట్టిందేం కాదు, ఎకెన్‌హాఫ్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు 1961లోనే దీని గురించి రాశారు. త్వరగా లేవడమే కారణమా అంటే, ప్రొపోఫాల్ అని సూదితో ఎక్కించే ఒక తెల్లటి మత్తు మందు ఉంది, అదీ త్వరగానే దిగుతుంది, కానీ దానితో పిల్లలు చాలావరకు ప్రశాంతంగానే లేస్తారు. పోనీ నొప్పి వల్లా అంటే, ఒంటి మీద చిన్న గాటు కూడా పడని ఎంఆర్‌ఐ స్కాన్ కోసం మత్తు ఇచ్చిన పిల్లలు కూడా కొందరు ఇలాగే లేస్తారు. మందు, వయసు, నొప్పి, పిల్లాడి స్వభావం, లోపలికి వెళ్లేటప్పటి భయం, అన్నీ కలిసి వచ్చేది ఇది. ఒక్కటే కారణమని చెప్పడానికి లేదు.

ఎంతమందికి వస్తుందని అడిగితే మా పుస్తకాల్లోనే 10 శాతం నుంచి 80 శాతం దాకా లెక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కరు ఒక్కోలా కొలవడం వల్ల వచ్చిన తేడా అది. నెట్‌లో ఆ 80 చూసి హడలిపోకండి. ఏడ్చిన ప్రతి పిల్లాడినీ లెక్కలో వేసుకుంటే అంకె పెరగదా మరి!

ఏడుపుకీ దీనికీ తేడా మేం ఎలా పోలుస్తామో చెప్తాను, మీకూ పనికొస్తుంది. నొప్పితో ఏడ్చే పిల్లాడు "అమ్మా" అంటాడు, మిమ్మల్ని చూడగానే చేతులు చాస్తాడు, ఎత్తుకుంటే కొంచెమైనా తగ్గుతాడు. డెలీరియంలో ఉన్న పిల్లాడి కళ్లు తెరిచే ఉంటాయి గానీ చూపు మీ ముఖం మీద నిలవదు, మిమ్మల్ని దాటి ఎటో చూస్తుంటాడు. ఎత్తుకోబోతే వీపు విల్లులా వంచి తోసేస్తాడు. చేతికున్న సెలైన్ సూది పట్టీని పీకుతుంటాడు, కానీ ఎందుకు పీకుతున్నాడో వాడికే తెలియదు. దీన్ని కొలవడానికి సికిచ్, లెర్మన్ అనే ఇద్దరు 2004లో ఒక స్కేలు తయారు చేశారు. కళ్లలోకి చూస్తున్నాడా, చేసే పనికి అర్థం ఉందా, చుట్టూ ఏముందో తెలుస్తోందా, ఎంత కొట్టుకుంటున్నాడు, ఊరడిస్తే ఊరుకుంటున్నాడా అని ఐదు అంశాలు, మొత్తం 20 మార్కులు. 10 గానీ ఆపైన గానీ వస్తే డెలీరియం అని చాలామంది, 12 దాటాలని కొందరు.

ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ పావుగంట గోల మీ కళ్ల ముందు నుంచి ఏళ్ల తరబడి పోదు, పిల్లాడికి మాత్రం అందులో ఏదీ గుర్తుండదు. సాయంత్రం అడిగి చూడండి, "నేనెప్పుడు ఏడ్చాను?" అంటాడు. వాడికి గుర్తుండేది లోపలికి వెళ్లే ముందు ఏం జరిగిందన్నదే. అందుకే మీ టెన్షన్ అంతా లేచేటప్పటి మీద పెట్టుకోకుండా, మీ శ్రద్ధ ముందు రోజుల మీద పెట్టమంటాను. పైగా రెండింటికీ లింకు ఉంది. కెయిన్ అనే డాక్టరు, ఆయన బృందం అమెరికాలో సరిగ్గా ఈ టాన్సిల్, ఎడినాయిడ్ ఆపరేషన్ల పిల్లలనే తీసుకుని చూశారు. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 241 మంది, 2006లో అచ్చయింది. ముందు బాగా భయపడిన పిల్లల్లో లేచేటప్పుడు డెలీరియం 9.7 శాతం, భయపడని వాళ్లలో 1.5 శాతం. అంతేకాదు, భయపడిన పిల్లలకి తర్వాత నొప్పి ఎక్కువ, నొప్పి మందులూ ఎక్కువ పట్టాయి, ఇంటికెళ్లాక నిద్ర కూడా సరిగా లేదు.

ఇక ఐస్‌క్రీమ్ సంగతి. దయచేసి ఆ పని చేయకండి.

ఒక పిల్లాడిని సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తున్నామని చెప్పి ఆపరేషన్‌కి తెచ్చారు. వాడు ఇసుకలో ఆడుకునే ఎర్ర ప్లాస్టిక్ బకెట్ చేత్తో పట్టుకుని హుషారుగా వచ్చాడు. థియేటర్ గౌను తొడగబోయేసరికి విషయం అర్థమైంది. అంతే, ఆ తర్వాత ఎవరి మాటా నమ్మలేదు. సిరప్ ఇస్తే ఉమ్మేశాడు, బొమ్మ చూపిస్తే విసిరికొట్టాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ మాస్క్ పెట్టలేకపోయాం. కుట్లు చూపించడానికి మళ్లీ వచ్చినప్పుడు కూడా వాళ్ల నాన్న ఎత్తుకుంటే ముఖం అటు తిప్పుకునే ఉన్నాడు. ఐదేళ్ల పిల్లాడికి సూది కంటే అదే ఎక్కువ నొప్పి అని నేను అనుకుంటాను.

చెప్పాలి. ఎప్పుడు చెప్పాలన్నది వయసుని బట్టి. నాలుగేళ్ల వాడికి వారం ముందు చెబితే వారమంతా అదే బెంగ. ముందు రోజు చెప్పండి, మహా అయితే రెండు రోజుల ముందు. ఆరేడేళ్లు దాటిన పిల్లలకైతే ఓ ఐదారు రోజుల ముందే చెప్పాలి, వాళ్లకి ప్రశ్నలుంటాయి.

ఎలా చెప్పాలంటే, చిన్న చిన్న మాటల్లో: "రాత్రిపూట నీకు ముక్కు మూసుకుపోయి ఊపిరి ఆడట్లేదు కదా నాన్నా. రేపు హాస్పిటల్లో డాక్టర్‌గారు అది బాగుచేస్తారు. మూతికి మెత్తటి మాస్క్ పెడతారు, నువ్వు బెలూన్ ఊదినట్టు ఊదుతావు. నీకు నిద్ర వచ్చేస్తుంది. అది మన ఇంట్లో నిద్ర కాదు, డాక్టర్ ఇచ్చే నిద్ర. పని అయిపోయాక ఆయనే లేపుతారు. లేచాక గొంతు కొంచెం నొప్పిగా ఉంటుంది, మందు ఇస్తారు. నేను బయటే ఉంటాను, నువ్వు లేవగానే వస్తాను." ఇంట్లో నిద్ర కాదని చెప్పడం ఎందుకంటే, కొందరు పిల్లలు తర్వాత రాత్రిళ్లు పడుకోవడానికి భయపడతారు, నిద్రపోతే మళ్లీ ఏదో చేస్తారని. నొప్పే ఉండదని మాత్రం చెప్పకండి. కోయడం, కత్తి లాంటి మాటలు అసలు వద్దు. ఐస్‌క్రీమ్ ఎలాగూ ఆపరేషన్ తర్వాత డాక్టర్‌గారే తినిపించమంటారు, దాన్ని ఎరగా వాడకుండా ఉన్న విషయంగానే చెప్పండి.

ఇంకో మాట. "అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా" అనని ఇల్లు మన వైపు తక్కువే. ఈ వారమైనా ఆ బెదిరింపు ఆపండి. నానమ్మకి, అమ్మమ్మకి కూడా చెప్పండి.

ఇంట్లో నెబ్యులైజర్ ఉంటే దాని మాస్క్‌తో ఆట ఆడించండి, ముందు బొమ్మకి, తర్వాత మీకు, తర్వాత వాడికి. కానీ గతంలో నెబ్యులైజర్ పెట్టేటప్పుడు బలవంతంగా పట్టుకుని ఉంటే వాడికి మాస్క్ అంటేనే భయం ఉంటుంది. ఆ మాట చెకప్ రోజున మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మాస్క్ బదులు ముందు సూది పెట్టి మందు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. చేతికి తిమ్మిరెక్కించే క్రీమ్ గంట ముందు రాసి ఉంచితే సూది నొప్పి బాగా తగ్గుతుంది.

ఆ చెకప్‌లోనే అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గురక ఎంత ఉంది, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అన్నది వాళ్లు అడగకపోయినా మీరు చెప్పండి. ఎడినాయిడ్ పిల్లల్లో ఇది ముఖ్యం, కింద చెప్పబోయే సిరప్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. ఊగే పన్ను ఉంటే చెప్పండి. ఎడినాయిడ్ ఉన్న పిల్లలకి ముక్కు కారడం మామూలే, దాని కోసం కంగారు పడక్కర్లేదు. కానీ కొత్తగా జ్వరం, కఫంతో దగ్గు మొదలైతే దాచకండి. డేటు పోతుందని దాచే తల్లిదండ్రులు ఉన్నారు. జలుబు బాగా ఉన్న పిల్లాడికి మత్తు ఇస్తే ఊపిరి గొట్టం బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. రెండు వారాలో ఇంకాస్తో వాయిదా పడితే పోయేదేం లేదు.

లోపలికి వెళ్లే ముందు భయం తగ్గించడానికి ఇచ్చే మందుల్లో ఎక్కువగా వాడేది మిడజోలం. నోటి ద్వారా అయితే మామూలుగా కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన, లోపలికి తీసుకెళ్లే ఇరవై ముప్పై నిమిషాల ముందు. చేదుగా ఉంటుంది, తీపి సిరప్‌లో కలిపి ఇస్తాం. తాగాక పిల్లాడు ఊరికే నవ్వుతాడు, తూలుతాడు. అప్పుడు కిందకి దింపి నడిపించకండి. అరుదుగా ఒకరిద్దరికి ఇది ఎదురుతిరిగి చిరాకు పెంచుతుంది. ముక్కులో చుక్కలుగా వేసే డెక్స్‌మెడెటోమిడిన్ ఇంకొకటి. నెమ్మదిగా పనిచేస్తుంది, ముప్పావుగంట దాకా పడుతుంది, కానీ మామూలు నిద్రలా ఉంటుంది. ముందు భయం తగ్గించడంలో మిడజోలం మంచిదే, లేచేటప్పటి గోలని తగ్గిస్తుందా అన్నదానిలో మాత్రం ఫలితాలు రెండు రకాలుగానూ ఉన్నాయి. ఆ పనికి డెక్స్‌మెడెటోమిడిన్ మెరుగు. చివర్లో కొద్దిగా ప్రొపోఫాల్ ఇవ్వడం, నొప్పి మందు పిల్లాడు లేవకముందే ఇచ్చి ఉంచడం కూడా చేస్తాం. ఇవేవీ మీరు డిమాండ్ చేయాల్సినవి కావు. "మా అక్క కూతురికి ఇలా అయింది, మా వాడు కొత్తవాళ్లని చూస్తే బాగా భయపడతాడు" అన్న రెండు ముక్కలు చెబితే చాలు, అవతలి డాక్టర్‌కి అర్థమవుతుంది.

తల్లిని లోపలికి రానిస్తారా? మన దగ్గర చాలా చోట్ల రానివ్వరు, కొన్ని చోట్ల రానిస్తున్నారు, ముందే అడగండి. రానివ్వకపోతే పిల్లాడికి అన్యాయం జరిగిపోయిందనుకోకండి. పైన చెప్పిన కెయిన్ బృందమే 1998లో తల్లిదండ్రులు పక్కన ఉండటాన్నీ మిడజోలంనీ పోల్చి చూస్తే, మందే బాగా పనిచేసింది. లోపలికి వెళ్లే అవకాశం ఉంటే ఇంట్లో ఎవరు నిబ్బరంగా ఉండగలరో వాళ్లే వెళ్లాలి, అది నాన్న కావచ్చు, పిన్ని కావచ్చు. వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: మాస్క్ పెట్టాక నిద్రలోకి జారే ముందు ఒక్క నిమిషం పిల్లాడి కళ్లు పైకి తిరుగుతాయి, కాళ్లు చేతులు కదుపుతాడు, ఊపిరి గురకలా వినిపిస్తుంది. అది మత్తు ఎక్కే క్రమంలో మామూలే. నుదుటి మీద ముద్దు పెట్టి, నర్సు చెప్పగానే బయటికి వచ్చేయండి.

ఫోన్ గురించి నేను మామూలుగా, పిల్లలకి ఇవ్వొద్దనే పిల్లల డాక్టర్ల పక్షమే, కానీ ఆ రోజు మాత్రం కాదు. వాడికిష్టమైన కార్టూన్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, థియేటర్ దగ్గర చాలాసార్లు సిగ్నల్ ఉండదు. వీడియో చూపించడం సిరప్‌తో సమానంగా పనిచేసిందన్న అధ్యయనాలు కూడా వచ్చాయి.

ఇక పస్తు. ఇడ్లీ, బిస్కెట్, పాలు ఆపరేషన్ టైముకి ఆరు గంటల ముందే ఆపాలి. చంటిపిల్లలకి తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు, యూరప్‌లో కొన్ని దేశాల్లో 2018 నుంచి గంట ముందు దాకా కూడా ఇవ్వొచ్చంటున్నారు. "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు" అని అందరికీ ఒకే మాట చెప్పడం ఇంకా పోలేదు. ఎండాకాలం సెలవుల్లో ఇలాంటి ఆపరేషన్లు పెట్టుకునే మన ఊళ్లలో, మే నెల ఎండకి, నాలుగేళ్ల పిల్లాడిని పొద్దున పదకొండు దాకా నీళ్లు కూడా లేకుండా కూర్చోబెడితే వాడు ఏడవకేం చేస్తాడు? కాబట్టి నీళ్లు ఎప్పటి వరకు ఇవ్వొచ్చో గడియారం టైముతో సహా అడిగి రాసుకోండి. ఆపరేషన్ రోజు పొద్దున్నే ఇంద్రకీలాద్రి వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లు చాలామంది. మంచిదే, కుంకుమ పెట్టండి. ప్రసాదమే కదా అని పులిహోర మెతుకులు నాలుగు నోట్లో పెడితే మాత్రం కేసు వాయిదా పడుతుంది. అలా పెట్టినా మాకు చెప్పండి, కోప్పడినా పర్వాలేదు, కడుపులో అన్నంతో మత్తు ఇవ్వడం ప్రమాదం.

వెండి మొలతాడు, కాళ్ల పట్టీలు ఉంటే ముందు రాత్రి ఇంట్లోనే తీసేయండి. లోపల వాడే కరెంటు మిషన్ వల్ల లోహం ఉన్నచోట చర్మం కాలే ప్రమాదం ఉంది కాబట్టి తీయక తప్పదు. థియేటర్ తలుపు దగ్గర ఎవరో తెలియని మనిషి హడావుడిగా లాగేస్తే, అక్కడి నుంచే ఏడుపు మొదలు. అలాగే బంధువులు పదిమంది తలుపు దగ్గర నిలబడి కళ్లు ఒత్తుకుంటుంటే ఏ పిల్లాడికైనా అనుమానం వస్తుంది. ఇద్దరు చాలు.

బయటికి తెచ్చాక ఏం చేయాలో చెప్తాను. వాడు లేస్తుండగానే మిమ్మల్ని రికవరీ గదిలోకి (మత్తు దిగే దాకా ఉంచే గది) పిలవమని ముందే అడిగి పెట్టుకోండి. గోల మొదలైతే ముందు నర్సు, డాక్టరు చూసేవి కొన్నుంటాయి: ఆక్సిజన్ సరిపోతోందా, నొప్పి ఉందా, షుగర్ పడిపోయిందా, మూత్రం బిగబట్టుకుని ఉన్నాడా, చలి వేస్తోందా. ఇవన్నీ చూసి కాదనుకున్నాకే డెలీరియం అనుకోవాలి. కాబట్టి వాళ్లు మిషన్ల వైపు చూస్తుంటే "మా వాడిని పట్టించుకోవట్లేదు" అనుకోకండి. మీరు చేయాల్సింది తక్కువ. తల, మోచేతులు మంచం కడ్డీలకి తగలకుండా దిండు అడ్డం పెట్టండి. సూది ఉన్న చేతిని నర్సు చూసుకుంటుంది. వాడి పేరుతో నెమ్మదిగా ఒకే మాట అంటూ ఉండండి, "అమ్మ ఇక్కడే ఉంది" అని. కుదపకండి, చెంపలు తట్టకండి, "నేనెవరో చెప్పు" అని పదిసార్లు అడగకండి. గట్టిగా అదిమి పట్టుకుంటే గోల పెరుగుతుంది. లైటు తగ్గించమనండి, చుట్టూ మాటలు తగ్గించండి. మరీ ఎక్కువగా ఉన్నా, తగ్గకపోయినా డాక్టరు చిన్న డోసు మందు ఇచ్చి ఇంకాసేపు పడుకోబెడతారు, రెండోసారి లేచేటప్పుడు చాలావరకు మామూలుగా లేస్తారు. పిల్లాడు తల్లిని గుర్తుపట్టకపోయేసరికి గాలి సోకిందని తాయెత్తు కోసం పరిగెత్తిన పెద్దావిడలని చూశాను. ఆవిడ తాయెత్తు తెచ్చేసరికి మనవడు బిస్కెట్ అడుగుతుంటాడు, క్రెడిట్ మాత్రం తాయెత్తుకే వెళ్తుంది.

ఇంటికి వెళ్లాక కొన్నాళ్లు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ రావడం, మీ కొంగు వదలకపోవడం ఉండొచ్చు. ఎక్కువమందిలో రెండు వారాల్లో సర్దుకుంటుంది. తిట్టకండి, వెక్కిరించకండి. నెల దాటినా అలాగే ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి. నొప్పి మందు మాత్రం వాడు అడిగే దాకా ఆగకుండా మొదటి కొన్ని రోజులు చెప్పిన టైముకి వేయండి, గొంతు నొప్పితో నీళ్లు తాగడం మానేస్తే పరిస్థితి ఇంకా కష్టమవుతుంది.

టాన్సిల్ ఆపరేషన్ కాబట్టి ఒక్క విషయం ప్రత్యేకంగా. గొంతులో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు. కానీ మొదటి రోజైనా, ఆ తర్వాత ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యలోనైనా నోట్లోంచి ఎర్రటి రక్తం వచ్చినా, రక్తం వాంతి అయినా, నిద్రలో ఊరికే గుటకలు మింగుతూ ఉన్నా పొద్దున చూద్దాంలే అనుకోకండి. అర్ధరాత్రైనా సరే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి.